బోటు మీద సోలార్: పొద్దున్న పదింటికే బ్యాటరీ ఫుల్ అని చూపిస్తంది, రాత్రి తొమ్మిదికి లైట్లు ఆరిపోతన్నాయి

డొంకూరు_తెప్ప
నవంబర్ 17, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు. మాకు ముప్పై అడుగుల ఫైబర్ బోటుంది, నాన్న, బావ, ఇంకో ముగ్గురు సాయంత్రం దిగి తెల్లారి ఒడ్డుకొస్తారు. వెనకవైపు పైపులతో పందిరి కట్టించి దాని మీద 100 వాట్ల ప్యానెళ్ళు రెండు పేరలల్‌లో వేయించాం. ప్యానెల్ నుంచి బ్యాటరీకి పోయే చార్జిని అదుపు చేసే కంట్రోలర్ 20 ఆంపులది, పీడబ్ల్యూఎం అనే మామూలు రకం. బ్యాటరీ 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబ్యులర్, నీళ్ళు పోసే రకం, కొని రెండేళ్ళు కూడా అవలేదు.

సమస్య ఏటంటే పొద్దున్న పదయ్యేసరికే కంట్రోలర్ మీద బ్యాటరీ బొమ్మ నిండిపోతంది, 14.4 చూపిస్తంది, కాసేపు అలగే ఉండి తర్వాత 13.7కి దిగిపోతంది. అంటే ఫుల్ అయిపోయినట్టే కదా. కానీ సాయంత్రం ఐదున్నరకి లైట్లు వేస్తే వేసిన నిమిషానికే 12కి పడిపోయి, తొమ్మిది తొమ్మిదింబావు అయ్యేసరికి 11.1 దగ్గర కంట్రోలరే లోడంతా కట్ చేసేస్తంది. లోడ్ కూడా పెద్దదేం కాదు, 9 వాట్ల ఎల్ఈడీలు నాలుగు, ఫిష్ ఫైండర్, వైర్‌లెస్ సెట్టు, పైన దీపం. పోయినేడాది ఇవే లైట్లు తెల్లారేదాకా వెలిగాయి.

మొన్న రాత్రి చీకట్లో వల మీదుండగా ఒక పెద్ద బోటు బాగా దగ్గరికి వచ్చేసిందంట. నాన్న టార్చిలైటు ఊపుతూ నిలబడ్డారు. ఆ మాట విన్నప్పట్నుంచి అమ్మకి నిద్ర లేదు. వేసినాయనకి ఫోన్ చేస్తే బ్యాటరీ పోయింది కొత్తది కొనుక్కోండి అని పెట్టేశాడు. కొనడానికి ముందు ఒకసారి మీ అందర్నీ అడుగుదామని రాస్తన్నాను.


ఇచ్ఛాపురం_సోలార్
నవంబర్ 17, రాత్రి 9:15

తమ్ముడూ నేను ఇళ్ళ మీద సోలార్ వేస్తుంటాను. పొద్దున్నే ఫుల్ అయిపోయి రాత్రికి ఖాళీ అవుతుందంటే నూటికి తొంభై బ్యాటరీ సల్ఫేట్ పట్టిందనే. లోపల ప్లేట్ల మీద తెల్లగా పొర కడుతుంది, దాంతో బ్యాటరీ పట్టే సామర్థ్యం తగ్గిపోతుంది, చిన్న చెంబులో నీళ్ళు పోసినట్టు గబుక్కున నిండుతుంది గబుక్కున అయిపోతుంది. పనిలో పనిగా కంట్రోలర్ కూడా ఎంపీపీటీ పెట్టించండి, అది ప్యానెల్ ఎక్కువ పవర్ ఇచ్చే వోల్టేజీ దగ్గరే దాన్ని నడిపే రకం. పీడబ్ల్యూఎం ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకే లాగేస్తుంది కాబట్టి 18 వోల్టుల దగ్గర 100 వాట్లిచ్చే ప్యానెల్ 13 దగ్గర 70 మాత్రమే ఇస్తుంది, మిగతా అంతా వృథా.


సోంపేట_ఐటీఐ_అక్క
నవంబర్ 17, రాత్రి 10:05

కొత్త బ్యాటరీ అంటే చిన్న ఖర్చు కాదు కదా, కొలవకుండా ఎవరు చెప్పినా కొనొద్దు తమ్ముడూ. సోలార్ అన్నగారు చెప్పింది జరిగే అవకాశం ఉంది, కాదనట్లేదు. ఒక్కటి అడుగుతా, వేసవిలో వేట నిషేధం 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బోటు ఒడ్డున ఉన్నన్నాళ్ళు బ్యాటరీ ఎక్కడ పెట్టారు? సగం చార్జిలో మూలన పడేసి ఉంటే సల్ఫేట్ అప్పుడే మొదలై ఉంటుంది. మా దగ్గరికొచ్చే బ్యాటరీల్లో ఎక్కువ జులైలోనే వస్తాయి, కారణం అదే.

రేపు మూడు పనులు చెయ్యి. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ తీసుకుని బ్యాటరీలో ఆరు గడులూ (సెల్స్) వేరువేరుగా చూసి రాయి. నిండు బ్యాటరీ అయితే 1.260 దగ్గర ఉండాలి, 1.200 అంటే సుమారు సగం, 1.150 కిందికి పోతే ఖాళీ అని. ఒక గడి మిగతా వాటికంటే 50 పాయింట్లు (అంటే 0.050) తక్కువుంటే ఆ గడి పాడైనట్టు. తర్వాత ప్యానెళ్ళు ఒక్కోటి విడదీసి ఎండలో వోల్టేజీ చూడు, 21, 22 రావాలి. ఆ తర్వాత మీటర్‌ని 10 ఆంపుల రంధ్రంలోకి మార్చి ఒక్క ప్యానెల్ రెండు వైర్ల మధ్య పెట్టి కరెంటు చూడు, మంచి ఎండలో ఐదున్నర దాకా రావాలి. రెండు ప్యానెళ్ళు కలిపి చూడకు, 10 దాటితే మీటర్ లోపలి ఫ్యూజ్ పోతుంది. ఇంకోటి, ఆంపులు చూశాక ఎర్ర వైరు మళ్ళీ వోల్టుల రంధ్రంలోకి మార్చడం మర్చిపోకు. మర్చిపోయి బ్యాటరీ మీద పెడితే షార్టే, మా క్లాసులో ఏటా ఒకరైనా ఆ పని చేస్తారు.


గోపాల్పూర్_సరంగు
నవంబర్ 18, ఉదయం 5:50

బాబూ నాది గోపాల్పూర్, నలభై ఏళ్ళుగా సముద్రం మీదే బతుకు. లెక్కలు అక్కగారు చూసుకుంటారు, నేను కళ్ళతో చూసేది చెప్తాను. ముందు ప్యానెల్ మీద చెయ్యి పెట్టి రాసి చూడు. ఉప్పు తెల్లగా పేరుకుంటే అద్దం మసకైపోద్ది, దాని మీద పక్షుల రెట్ట. రోజూ ఒడ్డుకి రాగానే మంచినీళ్ళతో కడగాలి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే, ఎండెక్కాక వేడి అద్దం మీద చన్నీళ్ళు పొయ్యొద్దు.

రెండోది నీడ. పందిరి పక్కన జెండా కర్ర గానీ దీపం కర్ర గానీ ఉందా? కార్తీకంలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటాది, వేసవిలో పడని నీడ ఇప్పుడు పడతాది. మా బోటుకి అలాగే అయ్యింది.


సిరొంచ_పడవ
నవంబర్ 18, ఉదయం 8:30

సరంగు తాత నీడ ముచ్చట నూటికి నూరు నిజం. మాది సిరొంచ, ప్రాణహిత మీద పడవ నడిపిస్తం, ఉప్పు లేదు గానీ సోలార్ కష్టాలు గవే. మాకున్నది ఒక్కటే ప్యానెల్. పోయిన యాడాది మబ్బు లేదు ఏం లేదు, అయినా చార్జి అయితలేదు. జూస్తే పందిరికి కట్టిన తాడు, బొటనవేలంత లావుది, దాని నీడ ప్యానెల్ మీద అడ్డంగ పడ్తుంది. తాడు నీడకు ఏమైతది అనుకున్న. కానీ 12 వోల్టుల ప్యానెల్ల 36 బిళ్ళలు ఒకదాని వెనక ఒకటి వరుసగ ఉంటయి, మధ్యల రెండు బైపాస్ డయోడ్లు, అంటే నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటు పోనిచ్చేవి. ఒక సగంల ఒక్క బిళ్ళ నీడల పడ్డా ఆ సగం మొత్తం పక్కకు పోతది, మిగిలిన సగం ఇచ్చేది 9 వోల్టులే. 9 వోల్టులతోని 12 వోల్టుల బ్యాటరీ ఎట్ల నిండుతది? సగం కాదు, మొత్తానికి మొత్తం బంద్. తాడు ఇటు కట్టిన, ఆ పొద్దే నడిచింది. మీది పేరలల్ గాబట్టి ఒక ప్యానెల్ పోయినా ఇంకోటి నడుస్తది, గది మంచిగ చేసిన్రు.


డొంకూరు_తెప్ప
నవంబర్ 18, మధ్యాహ్నం 1:20

అక్కా, తాతగారూ, అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్న బోటు రాగానే బావా నేనూ కూర్చున్నాం. ప్యానెళ్ళు నిజంగానే మసకగా ఉన్నాయి, కడిగాం. పన్నెండింటికి కొలిస్తే మొదటిది 21.3 వోల్టులు, 5.0 ఆంపులు. రెండోది 21.2, 4.9. నాకైతే ప్యానెళ్ళు బాగున్నట్టే అనిపిస్తంది.

హైడ్రోమీటర్ పక్కింటి ట్రాక్టరాయన దగ్గర తెచ్చాను. గడులు వరసగా 1.185, 1.190, 1.185, 1.170, 1.190, 1.185. అక్కా ఇది సగం కంటే తక్కువే కదా? కంట్రోలర్ ఫుల్ అంటన్న టైములోనే ఇలగ ఉంది. నిషేధంలో బ్యాటరీ ఇంట్లో వరండాలో పెట్టాం, మధ్యలో ఒక్కసారి కూడా చార్జి పెట్టలేదు, అది మా తప్పే.

దీపం కర్ర నీడ కూడా తాతగారు చెప్పినట్టే ఎడమ ప్యానెల్ మీద పదకొండు దాకా పడతంది. అది జరుపుతాం. కానీ నీడ వల్ల చార్జి తగ్గాలి గానీ, కంట్రోలర్ పదింటికే ఫుల్ అని ఎందుకంటాది? అదే అర్థం కావట్లేదు.


సోంపేట_ఐటీఐ_అక్క
నవంబర్ 18, మధ్యాహ్నం 2:10

చాలా మంచి ప్రశ్న వేశావు, దాన్ని వదలకు. ప్యానెళ్ళు బంగారంలా ఉన్నాయి. గడులన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి, నాలుగోది కొంచెం తక్కువ, కానీ చచ్చిన గడి కాదు. సల్ఫేట్ బాగా పట్టిందా లేక అసలు చార్జే ఎక్కలేదా అన్నది ఈ అంకెలతో తేలదు, రెండిట్లోనూ ఇలాగే ఉంటుంది. బ్యాటరీకి నిజంగా ఎంత అందుతుందో చూడాలి.


పర్లాకిమిడి_కుర్రాడు
నవంబర్ 18, సాయంత్రం 4:45

నేను డిప్లొమా చదువుతున్నానండి, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. రెండు ప్యానెళ్ళనీ సీరీస్‌లో పెడితే 36 వోల్టులొస్తాయి కదా, అప్పుడు నీడ పడినా బ్యాటరీకి సరిపడా వోల్టేజీ ఉంటుంది కదా?


ఇచ్ఛాపురం_సోలార్
నవంబర్ 18, సాయంత్రం 5:30

ఎంపీపీటీ ఉంటే నువ్వన్నది నిజమే బాబూ. పీడబ్ల్యూఎంతో అలా చెయ్యకూడదు, 36 తీసుకొచ్చి బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తే కరెంటు ఒక్క ప్యానెల్‌దే వస్తుంది, రెండోది ఉన్నా లేనట్టే. పైగా ఓపెన్‌లో, అంటే కరెంటు ఏమీ లాగనప్పుడు, 42 దాకా పోతుంది, చిన్న కంట్రోలర్ తట్టుకోకపోవచ్చు.


బరంపురం_వైరింగ్
నవంబర్ 18, రాత్రి 9:50

ఆలస్యంగా చూశాను, పని మీద రంభ ఊరు వెళ్ళొచ్చాను. నాది బరంపురంలో ఆటో ఎలక్ట్రికల్ పని, చిలికాలో తిరిగే టూరిస్టు బోట్లకి కూడా వైరింగ్ చేస్తాను. తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను, ఆలోచించి చెప్పు. రాత్రి నాన్నగారు వైర్‌లెస్‌లో బటన్ నొక్కి మాట్లాడినప్పుడు లైట్లు డల్ అవుతాయా? ఫిష్ ఫైండర్ ఆగి మళ్ళీ ఆన్ అవుతుందా?

దానికి జవాబు అవును అయితే బ్యాటరీ గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోవద్దు. రేపు పదిన్నర ప్రాంతంలో, కంట్రోలర్ 14.4 చూపిస్తున్నప్పుడే, మీటర్ తీసుకెళ్ళి నేరుగా బ్యాటరీ సీసం పోస్టుల (టెర్మినల్స్) మీద పెట్టి చూడు. లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) మీద కాదు, నట్టు మీద కాదు, సీసం మీదే. ఆ అంకె, అదే నిమిషంలో కంట్రోలర్ అంకె, అప్పుడు ఎన్ని ఆంపులు వెళ్తున్నాయో, మూడూ రాసి పెట్టు.


డొంకూరు_తెప్ప
నవంబర్ 19, ఉదయం 10:55

అన్నా మీకెలగ తెలిసింది!! నాన్ననడిగితే బటన్ నొక్కగానే ఫిష్ ఫైండర్ ఆరిపోయి మళ్ళీ మొదట్నుంచి లేస్తందంట, దసరా ముందు నుంచీ అలగే ఉందంట. సెట్టు పాడైందేమో అనుకుని మాకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడే కొలిచాం. కంట్రోలర్ మీద 14.4. బ్యాటరీ పోస్టుల మీద 13.1. కరెంటు 7 ఆంపులు. మూడుసార్లు చూశాం, మార్పు లేదు. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి వైరు రెండు మీటర్లే, 4 ఎంఎం వైరు. ఇంత తేడా ఎక్కడ పోతంది?


బరంపురం_వైరింగ్
నవంబర్ 19, ఉదయం 11:20

దొరికింది తమ్ముడూ. జాగ్రత్తగా చదువు, మిగతా వాళ్ళకి కూడా పనికొస్తుంది.

కంట్రోలర్‌కి బ్యాటరీ దగ్గర కళ్ళు లేవు. దాని బిగింపు స్క్రూల దగ్గర ఎంత వోల్టేజీ కనిపిస్తే బ్యాటరీలో అంతే ఉందనుకుంటుంది. దారిలో ఎక్కడో ఒక జాయింటు తుప్పు పట్టింది, కరెంటు దానిలోంచి తోసుకుని పోవాలంటే 1.3 వోల్టులు అక్కడే ఖర్చవుతోంది. కంట్రోలర్ దగ్గర 14.4 అయ్యేసరికి అది ఫుల్ అని చెప్పి కరెంటు తగ్గించడం మొదలుపెడుతుంది, కాసేపటికి ఫ్లోట్‌లోకి, అంటే నిండిన బ్యాటరీని తక్కువ వోల్టేజీ దగ్గర నిలిపి ఉంచే దశలోకి, పోతుంది. బ్యాటరీ పాపం 13.1 దగ్గర ఆకలితోనే ఉంటుంది. ఇది నెలల తరబడి జరిగితే సల్ఫేట్ కూడా పడుతుంది, సోలార్ అన్నగారు చెప్పింది తప్పు కాదు, కాకపోతే అది రోగం కాదు, రోగం వల్ల వచ్చిన నీరసం.

రాత్రి అదే జాయింటు తిరగబడి పనిచేస్తుంది. ఐదు ఆంపులు లోడ్ లాగితే దాదాపు ఒక వోల్టు అక్కడే పోతుంది, కాబట్టి బ్యాటరీలో 12 ఉన్నా కంట్రోలర్‌కి 11.1 కనిపించి కట్ చేసేస్తుంది. వైర్‌లెస్ బటన్ నొక్కితే ఇంకో ఐదు ఆంపులు తోడవుతాయి, అంటే రెండు వోల్టులు ఒక్కసారిగా పడిపోతాయి, ఫిష్ ఫైండర్ ఆరిపోతుంది. చార్జి ఎక్కకుండా చేసేదీ అదే, ఎక్కిన కాస్తని వాడనివ్వకుండా చేసేదీ అదే.

మంచి 4 ఎంఎం రాగి వైరు, పోనూ రానూ నాలుగు మీటర్లు, 7 ఆంపులకి 0.14 వోల్టులు తినాలి, అంతే. మిగతాది ఏ జాయింటు తింటుందో పట్టుకోవడం సులువు. చార్జి అవుతుండగానే మీటర్ ఒక ముల్లు కంట్రోలర్ ప్లస్ స్క్రూ మీద, రెండో ముల్లు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద. అక్కడ ఎంత వస్తే అంతా ఆ దారిలో పోతున్నట్టు. తర్వాత ముల్లు ఒక్కో జాయింటు దాటించుకుంటూ దగ్గరికి రా. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతే దొంగ అక్కడే. మైనస్ వైపు కూడా అలాగే. ఆపేసి చూస్తే ఏమీ కనిపించదు సుమా, కరెంటు పారుతుండాలి.

ముందు చేత్తో తడిమి చూడు, ఏదో ఒకటి వేడిగా తగులుతుంది. 7 ఆంపులు, 1.3 వోల్టులు, అంటే తొమ్మిది వాట్లు, మీ లైటు బల్బు ఒకటి ఆ జాయింటులో వెలుగుతున్నట్టే లెక్క.


డొంకూరు_తెప్ప
నవంబర్ 19, సాయంత్రం 3:30

అన్నా దొరికింది. ఫోటో పెట్టడం రావట్లేదు, అందుకే రాస్తన్నాను.

మైనస్ వైపు 0.08 వచ్చింది. ప్లస్ వైపు 1.22. బ్యాటరీ పెట్టె పక్కన చిన్న నల్ల ప్లాస్టిక్ గొట్టం ఉంది, లోపల గాజు ఫ్యూజు, తిప్పి ఊడదీసే రకం. దానికి ఇటూ అటూ ముళ్ళు పెడితే ఒక్కదాని మీదే 1.1 చూపించింది. చేత్తో పట్టుకుంటే చురుక్కుమంది. బావ ప్యానెల్ వైర్లు విడదీశాక తిప్పి ఊడదియ్యబోతే తిరగలేదు, ఒకవైపు ప్లాస్టిక్ మెత్తబడి ఫ్యూజుకి అతుక్కుపోయింది. చాకుతో కోశాం. లోపల స్ప్రింగు ఉండాల్సిన చోట గోధుమరంగు పొడి ఉంది, ముట్టుకుంటే రాలిపోయింది. ఫ్యూజు మూతులు నల్లగా, ఒకవైపు ఆకుపచ్చ చిలుము గుత్తులుగా. ఆ చివర వైరు తొక్క కొంచెం ఒలిస్తే రాగి నల్లగా ఉంది, ఇంకొంచెం ఒలిచాం, ఇంకా నల్లగానే, అలగ జానెడు దాకా పోయాక గానీ ఎర్ర రాగి కనబడలేదు. ఉప్పునీళ్ళు తొక్క లోపల నుంచే పైకి ఎక్కేశాయి. ఇంత చిన్న గొట్టం వల్ల నాన్న చీకట్లో కూర్చున్నారంటే మనసు ఎలగో అయిపోయింది.

ఈ పూటకి బోటు ఆపేశాం. ఇప్పుడు ఏం కొనాలి, ఎలగ వెయ్యాలి, దయచేసి చెప్పండి.


బరంపురం_వైరింగ్
నవంబర్ 19, సాయంత్రం 4:05

బోటు ఆపి మంచి పని చేశారు. ఆ గాజు ఫ్యూజు గొట్టం కారు మ్యూజిక్ సిస్టంకి పెట్టేది, సముద్రానికి కాదు. ఫ్యూజు మాత్రం తియ్యొద్దు, నేరుగా కలిపేసే వాళ్ళని చాలామందిని చూశాను, బ్యాటరీ దగ్గర షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలి ఫైబర్ అంటుకుంటుంది. మూతున్న బ్లేడ్ ఫ్యూజు హోల్డర్ తీసుకో, లోపల రబ్బరు వాషర్ ఉన్నది, 20 ఆంపుల ఫ్యూజు, బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే పెట్టు. వైరు తగరం పూత ఉన్న రాగి దొరికితే అదే కొను, తీగలు వెండిలా తెల్లగా ఉంటాయి. దొరక్కపోతే మామూలు రాగి 6 ఎంఎం వెయ్యి, చివర్లు మాత్రం గాలి చొరకుండా మూసెయ్యాలి. పాత వైరు అతికించి వాడొద్దు, నల్లబడిన రాగికి ఏదీ అతకదు.

లగ్గులు క్రింపింగ్ టూల్‌తో నొక్కించు, పటకారుతో కాదు. లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేసి వేడి చేస్తే చివర జిగురు బయటికి ఉబికి కనిపించాలి, అప్పుడే మూసుకున్నట్టు. పోస్టుల మీద తెల్ల పొడి ఉంటే వంటసోడా వేసిన వేడినీళ్ళతో కడుగు, మూతలు గట్టిగా పెట్టి, సోడా ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు. ఆరాక బిగించి పైన వాజలైన్ రాయి. బిగించాక రాయాలి, ముందే రాసి బిగించకూడదు.

కలిపేటప్పుడు కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్.


పర్లాకిమిడి_కుర్రాడు
నవంబర్ 19, సాయంత్రం 5:00

అన్నా సోల్డరింగ్ చేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా, క్రింపింగ్ ఎందుకు?


బరంపురం_వైరింగ్
నవంబర్ 19, సాయంత్రం 5:25

ఇల్లయితే చెయ్యొచ్చు తమ్ముడూ. బోటు ఇంజనుకి అదురుతుంది, అల కొట్టినప్పుడల్లా అదురుతుంది. సోల్డర్ పాకిన చోట వైరు బిర్రుగా పుల్లలా అయిపోతుంది, పాకడం ఆగిన చోట వంగి వంగి సరిగ్గా అక్కడే తెగుతుంది. పైకి తొక్క బాగానే ఉంటుంది, లోపల తెగి ఉంటుంది, వెతకడానికి ప్రాణం పోతుంది.


ఇచ్ఛాపురం_సోలార్
నవంబర్ 19, రాత్రి 7:40

నేను బ్యాటరీ మార్చెయ్యమన్నాను, తొందరపడ్డాను తమ్ముడూ, ఏమనుకోవద్దు. ఇళ్ళ మీద ఉప్పు ఉండదు కాబట్టి నాకు ఇది తట్టలేదు. నా దగ్గర మంచి క్రింపింగ్ టూల్ ఉంది, రేపు పొద్దున్న ఇచ్ఛాపురం వస్తే నేనే నొక్కి ఇస్తాను, డబ్బులేం వద్దు. ఎంపీపీటీ కూడా ఇప్పుడే కొనక్కర్లేదు. మీ లోడు లెక్క వేశాను, లైట్లు రాత్రికి ఆరు గంటలే వేసుకున్నా మొత్తం కలిపి 38 ఏహెచ్ దాకా అవుతుంది. మీ రెండు ప్యానెళ్ళు మంచి ఎండలో రోజుకి 40 పైన ఇస్తాయి గానీ అందులో కొంత బ్యాటరీ ఎక్కించుకోవడంలోనే పోతుంది. బొటాబొటీ. లైట్లు నాలుగూ తెల్లార్లూ వేస్తే మాత్రం చాలదు, వల లాగేటప్పుడు తప్ప రెండే వెయ్యండి. వానాకాలంలో ఎలాగూ చాలదు, అప్పుడు వారానికోసారి ఒడ్డున కరెంటు చార్జర్ పెట్టుకోండి.


సోంపేట_ఐటీఐ_అక్క
నవంబర్ 19, రాత్రి 8:30

బరంపురం అన్నగారు చెప్పిన తీరు మా పిల్లలకి రేపు క్లాసులో చెప్తాను, అంత బాగుంది.

తమ్ముడూ ఇప్పుడు బ్యాటరీ సంగతి. ముందు కంట్రోలర్ మెనూలో బ్యాటరీ రకం ఏం పెట్టి ఉందో చూడు. సీల్డ్ అని ఉంటే ఫ్లడెడ్‌కి మార్చు. నీళ్ళు పోసే బ్యాటరీకి నెలకోసారి 14.8 దాకా ఎక్కించాలి, దాన్ని ఈక్వలైజ్ అంటారు, సీల్డ్ సెట్టింగులో మామూలుగా అంత దాకా ఎక్కదు. అడుగున చిక్కటి యాసిడ్, పైన పలచటి నీళ్ళుగా విడిపోయింది మళ్ళీ కలవాలంటే లోపల బుడగలు రావాలి, మెత్తగా ఉన్న సల్ఫేట్ కూడా అప్పుడే కరుగుతుంది. గట్టిపడిపోయింది కరగదు, కాబట్టి పాత బలం పూర్తిగా రాకపోవచ్చు.

ఈక్వలైజ్ ఒడ్డున, పగలు, పెట్టె మూత పూర్తిగా తెరిచి చెయ్యి. వచ్చే గ్యాసు హైడ్రోజన్, బీడీ గానీ అగ్గిపుల్ల గానీ దగ్గరికి రానివ్వొద్దు. ఆ టైములో వైర్‌లెస్, ఫిష్ ఫైండర్ విడదీసి ఉంచు. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, చార్జి అయ్యాక పొయ్యి. యాసిడ్ పొయ్యొద్దు, దుకాణంలో ఎవరైనా పొయ్యమన్నా వద్దు.


గోపాల్పూర్_సరంగు
నవంబర్ 20, ఉదయం 6:10

బాబూ నాది ఇంకొక్క మాట. బ్యాటరీ పెట్టె బోటు అడుగున ఉందా? అడుగున నీరు నిలిచే చోట ఉండకూడదు. ఉప్పునీరు బ్యాటరీ యాసిడ్‌లో కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడతాది, అది ఊపిరికి చాలా చెడ్డది. మా పక్క బోటోళ్ళకి ఒకసారి అల లోపలికొచ్చి పెట్టె నిండిపోయింది, దగ్గుకుంటా కళ్ళు మండుకుంటా ఒడ్డుకొచ్చారు. పలక వేసి ఎత్తు మీద పెట్టు, బెల్టుతో బిగించు, మూతకి గాలి పోయే దారి ఉంచు.

ట్రాన్స్‌పాండర్ పెట్టె మీకూ ఇచ్చుంటే దాని చార్జింగ్ వైరు కూడా చూసుకో. తుఫాను వస్తే ఒడ్డు నుంచి కబురు అందేది దాని మీదే. 2013లో ఫైలిన్ మా గోపాల్పూర్ దగ్గరే దాటింది, 2018లో తిత్లీ మీ పలాస దగ్గర దాటింది, రెండూ అక్టోబరులోనే. వేట మంచిగా ఉండే రోజులే గాలివాన రోజులు కూడా. దీపం, సెట్టు ఆరకుండా చూసుకో నాయనా.


డొంకూరు_తెప్ప
నవంబర్ 20, రాత్రి 9:20

ఇచ్ఛాపురం అన్న దగ్గరికి పొద్దున్నే వెళ్ళాను, లగ్గులు నొక్కి, హీట్ ష్రింక్ కూడా ఆయనే వేశారు, టీ కూడా తాగించారు. తగరం వైరు ఇచ్ఛాపురంలో దొరకలేదు, బరంపురం పోయి తెచ్చాను. కొత్త హోల్డర్, కొత్త వైరు, పెట్టె కింద చెక్క పలక. దీపం కర్ర వెనక్కి జరిపాం, ఇప్పుడు నీడ నీళ్ళలో పడతంది. కంట్రోలర్‌లో నిజంగానే సీల్డ్ అని ఉంది అక్కా, మార్చాను.

సాయంత్రం నాలుగింటికి కూడా 14.4 అవలేదు, 13.4 దగ్గరే ఉంది. ముందైతే కంగారుపడేవాణ్ణి, ఇప్పుడు అర్థమైంది, ఇన్నాళ్ళకి బ్యాటరీ తింటంది. కంట్రోలర్ మీద 13.4, పోస్టుల మీద 13.3.


సిరొంచ_పడవ
నవంబర్ 21, ఉదయం 7:45

మస్తు సంతోషం తమ్మీ. నేను గూడ ఇయ్యాల మా పడవల కంట్రోలర్ కాడ, బ్యాటరీ కాడ కొలిచి చూసిన. 0.4 తేడా ఉన్నది. లగ్గు లూజు ఉండె, బిగిస్తే 0.1కి వచ్చింది. మంచినీళ్ళ మీద నడిచే పడవకు గూడ ఇది అయితదని ఇప్పుడు ఎరుకైంది.


డొంకూరు_తెప్ప
నవంబర్ 28, ఉదయం 9:00

వారం అయ్యింది, ఇప్పుడు అంకెలు రాస్తన్నాను. మూడు రోజులు బోటు ఆపి ఎండలో ఉంచాం, గడులు 1.240 దాకా వచ్చాయి. ఆ తర్వాత అక్క చెప్పినట్టు ఈక్వలైజ్ చేశాం, ఐదు గడులు 1.255 నుంచి 1.260, నాలుగోది మాత్రం 1.235 దగ్గర ఆగిపోయింది. అక్కా దాన్ని నెలనెలా చూస్తూ ఉంటాను.

నిన్న సాయంత్రం దిగారు. వల వేసేటప్పుడు, లాగేటప్పుడు నాలుగు లైట్లూ, మిగతా టైము రెండు, పై దీపం రాత్రంతా. నాన్న తెల్లవారుజామున నాలుగింటికి కంట్రోలర్ చూసి వైర్‌లెస్‌లో పక్క బోటు మా చినాన్నకి చెప్పారంట, 12.1 ఉందని. బటన్ నొక్కినా ఫిష్ ఫైండర్ ఆరలేదు. వలలో కవళ్ళ చేపలు పడ్డాయి, రెండు కోనం చేపలు కూడా పడ్డాయి. అమ్మ రాత్రి పడుకుంది.

బరంపురం అన్నా, మా ఊళ్ళో ఇంకో నాలుగు బోట్లకి అదే గాజు ఫ్యూజు గొట్టం ఉంది, అందరివీ ఒకాయనే వేశారు. ఆదివారం మీటర్ పట్టుకుని అన్నీ చూస్తాను. హోల్డర్లు నాలుగు పక్కన పెట్టించగలరా, శనివారం వచ్చి తీసుకుంటాను.


బరంపురం_వైరింగ్
నవంబర్ 28, ఉదయం 9:40

పెట్టిస్తాను. ఐదు తీసుకెళ్ళు, ఒకటి మీ బోటులో స్పేర్‌గా ఉంచు, 20 ఆంపుల ఫ్యూజులు కూడా ఓ డజను. శనివారం మధ్యాహ్నం తర్వాత రా, పొద్దున్న రంభలో ఉంటాను.